జీతం బాకీ వేరు, వీసా వేరు: ఆఫ్రికా వలస కార్మికుల కోసం యూనియన్ చేయాల్సిన పని

ఆఫ్రికా నుంచి వలస వచ్చిన కార్మికుడు యూనియన్ ఆఫీసు గుమ్మం ఎక్కగానే చాలాచోట్ల ఎదురయ్యే మొదటి ప్రశ్న, "కాగితాలున్నాయా?" అని. కేసు అక్కడే పాడవుతుంది. అడిగినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. విన్నవాడికి మాత్రం ఒకటే అర్థమవుతుంది: కాగితం లేకపోతే కూలీ డబ్బులు అడిగే హక్కు కూడా లేదని. యజమాని రోజూ బెదిరించేదీ ఆ మాటతోనే. మర్నాడు ఆ మనిషి మళ్లీ రాడు.

చట్టం అలా చెప్పడం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1975లో చేసిన 143వ ఒప్పందం 9వ అధికరణ ప్రకారం, ఉండే అనుమతి సరిగా లేకపోయినా సరే, చేసిన పనికి రావాల్సిన జీతం, సామాజిక భద్రత విషయంలో ఆ కార్మికుడికి మిగతావాళ్లతో సమానమైన హక్కు ఉంటుంది. కెన్యా, ఉగాండా, ఇటలీ దీన్ని ఆమోదించిన దేశాలే. యూరోపియన్ యూనియన్ 2009 నాటి 52వ ఆదేశం ఇంకో అడుగు ముందుకేసింది. అనుమతి లేని కార్మికుణ్ని పనిలో పెట్టుకున్న యజమాని బాకీ జీతం కట్టాలి. ఎన్నాళ్లు చేశాడో తేలకపోతే కనీసం 3 నెలలు చేసినట్టు లెక్క. కాదని నిరూపించే భారం యజమానిదే. ఫిర్యాదు కూడా కార్మికుడే స్వయంగా ఇవ్వక్కర్లేదు, కార్మిక సంఘం ద్వారా ఇచ్చే దారి ఉండాలని అదే ఆదేశంలో ఉంది. ఈ 3 నెలల లెక్క తెలియని యూనియన్ కార్యకర్త ఊరికే చేతులెత్తేస్తాడు.

కాబట్టి మొదటి రోజు అడగాల్సింది వీసా గురించి కాదు. ఎక్కడ చేశావు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎంత ఇస్తానన్నారు, ఎంత ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, పని ఆగి ఎన్ని రోజులైంది. ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. రుజువు పోయి ఓడిన కేసులు ఉన్నాయి, కానీ గడువు దాటి ఓడిన కేసుకి మందు దొరకడం చాలా కష్టం.

దక్షిణాఫ్రికాలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. అక్కడ అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు చేయాలంటే సీసీఎంఏ అనే రాజీ, మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్లాలి. తీసేసిన నాటి నుంచి 30 రోజుల్లో 7.11 నంబరు ఫారం నింపి, ఒక ప్రతి యజమానికి పంపి, పంపినట్టు ఆధారం జత చేయాలి. ఫీజు లేదు. గడువు దాటితే ఆలస్యానికి కారణాలు చూపుతూ విడిగా మన్నింపు దరఖాస్తు పెట్టాలి, అది దొరుకుతుందన్న హామీ ఉండదు. పని అనుమతి లేని మనిషి కూడా చట్టం దృష్టిలో ఉద్యోగేనని అక్కడి లేబర్ కోర్టు 2008లో డిస్కవరీ హెల్త్ కేసులో తేల్చింది. ఆ కేసు వేసినవాడు అర్జెంటీనా దేశస్థుడు. ఆ తీర్పు మీద ఆధారపడుతున్నది మాత్రం జింబాబ్వే, మొజాంబిక్, మలావీల నుంచి వచ్చి పొలాల్లో, హోటళ్లలో, కాపలా పనుల్లో ఉన్న కార్మికులు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. అలవాటుకొద్దీ ఫారంలో "తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి" అని రాసేస్తారు. అనుమతి గడువు తీరిన మనిషిని తిరిగి పనిలో పెట్టుకోమంటే, చట్టం ఒప్పుకోదని యజమాని సులువుగా తప్పించుకుంటాడు. అలాంటి కేసుల్లో నష్టపరిహారం అడగాలి. అది గరిష్ఠంగా 12 నెలల జీతం దాకా వస్తుంది. బాకీ జీతం, వాడుకోని సెలవుల డబ్బు, నోటీసు కాలపు జీతం దానికి అదనం. వీటిని ఒక్కొక్కటిగా, అంకెలతో రాయాలి.

ఇటలీ పొలాల సంగతి ఇంతకంటే చిక్కు. పూలియా, కలాబ్రియా ప్రాంతాల్లో టమాటా, నారింజ కోతల్లో సెనెగల్, మాలి, గాంబియా, ఘనా, నైజీరియా యువకులు వేల సంఖ్యలో ఉంటారు. వాళ్లను పొలానికి చేర్చేవాణ్ని అక్కడ కాపొరాలే అంటారు. మన మాటలో గుంపు మేస్త్రీ. కూలీ కుదిర్చేదీ, వ్యాన్ ఎక్కించేదీ, డబ్బు పంచేదీ అతనే, చాలాసార్లు కూలీల దేశం వాడే. 2011 వేసవిలో నార్దో దగ్గర టమాటా కూలీలు సమ్మె చేసినప్పుడు లెక్క ఇలా ఉండేది: దాదాపు 300 కిలోలు పట్టే పెద్ద పెట్టె నింపితే మూడున్నర యూరోలు. అందులోంచి వ్యాన్‌కి 5 యూరోలు రోజుకి కోత, రొట్టెకి వేరే, నీళ్లకి వేరే. అదే రేటుకి కాయలు ఏరి మరీ నింపమనడంతో పని ఆపేశారు. కామెరూన్ నుంచి చదువుకోడానికి వచ్చిన ఇవాన్ సాన్యే ఆ సమ్మెకు ముందు నిలబడ్డాడు. ఆ ఏడాదే మేస్త్రీగిరీ ఇటలీ శిక్షాస్మృతిలో 603-బిస్ సెక్షన్‌గా నేరమైంది. 2016లో 199వ చట్టం వచ్చాక ఒక్క మేస్త్రీనే కాకుండా, ఆ కూలీలతో పని చేయించుకున్న యజమానిని కూడా అదే సెక్షన్ కింద పట్టుకోవచ్చు. శిక్ష 1 నుంచి 6 ఏళ్లు, బెదిరింపు, హింస ఉంటే 5 నుంచి 8 ఏళ్లు.

చట్టం గట్టిదే. కానీ కేసు నిలబడాలంటే దోపిడీ లక్షణాలు చూపించాలి: ఒప్పంద రేటు కంటే చాలా తక్కువ కూలీ పదేపదే ఇవ్వడం, పని గంటలు, విశ్రాంతి నిబంధనలు పదేపదే దాటడం, భద్రత లేకపోవడం, దిగజారిన బస లేదా నిఘా. "పదేపదే" అన్న మాట దగ్గరే కేసులు జారిపోతాయి. ఒక్క రోజు ఫోటో సరిపోదు, వరుసగా కొన్ని వారాల లెక్క కావాలి. అందుకే యూనియన్ మనిషి బస దగ్గరికి వెళ్లినప్పుడు కరపత్రాల కంటే ముందు పంచాల్సింది చిన్న నోటు పుస్తకాలు. రోజుకి ఒక వరుస చాలు: తేదీ, వ్యాన్ ఎక్కిన టైము, దిగిన టైము, పొలం ఎక్కడ, ఎన్ని పెట్టెలు, చేతికి ఎంత వచ్చింది, ఎంత కోశారు. వ్యాన్ నంబరు, మేస్త్రీ ఫోన్ నంబరు మొదటి పేజీలో. రాయడం రానివాళ్లు రోజూ రాత్రి తమ భాషలోనే, బంబారా కానీ వోలోఫ్ కానీ, వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపితే చాలు, తేదీ దానికదే పడుతుంది. పొలం మధ్యలో నిలబడి తనకు తానే లొకేషన్ పంపుకోవాలి. పెట్టెల మీద కంపెనీ ముద్ర ఉంటే దాన్ని ఫోటో తీయాలి. ఆ సరుకు ఏ ఫ్యాక్టరీకి, ఏ సూపర్ మార్కెట్‌కి పోతోందో పట్టుకోవడానికి అదొక్కటే దారి కావచ్చు. పక్కవాళ్ల ముఖాలు మాత్రం అడక్కుండా తీయొద్దు. ఆ ఫోటో మేస్త్రీ చేతిలో పడితే పని పోయేది వాళ్లకి.

లెక్కల్లో అసలే చూపని పూర్తి దొంగ పని కంటే, కొంతే చూపే సగం దొంగ పని పట్టుకోవడం కష్టం. ఇటలీలో ఇప్పుడు ఎక్కువ కనిపించే మోసం ఈ రెండోదే. కార్మికుడికి ఒప్పందం ఉంటుంది, పే స్లిప్పు ఉంటుంది, అన్నీ సక్రమంగా ఉన్నట్టే అనిపిస్తుంది. 25 రోజులు చేస్తే మస్టర్‌లో 5 రోజులు పడతాయి. మిగతా 20 రోజులు ఏమవుతాయంటే, కొన్నిచోట్ల పొలంలో అడుగే పెట్టని వేరే మనుషుల పేర్ల మీద పడతాయి. వాళ్లు ఆ రోజులు చూపించి వ్యవసాయ నిరుద్యోగ భృతి తీసుకుంటారు. ఆ భృతికి రెండేళ్లలో కలిపి 102 రోజుల చందా జమ అయి ఉండాలి, దరఖాస్తు మరుసటి ఏడాది మార్చి 31 లోపు పెట్టాలి. ఎండలో ఒళ్లు వంచినవాడికి 102 రాదు, వంచనివాడికి వస్తుంది. సీజనల్ వీసా మీద వచ్చినవాళ్లకైతే చందా కట్టినా ఆ భృతి లేదు. ఈ అన్యాయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

దీన్ని సీజన్ అయ్యాక కాదు, సీజన్ నడుస్తుండగానే పట్టుకోవాలి. పనిలో పెట్టుకునే ముందు రోజుకల్లా యజమాని ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ నమోదు జరిగిందో లేదో ఉపాధి కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. చందా ఖాతా పట్టీ ఐఎన్‌పీఎస్ అనే సామాజిక బీమా సంస్థ దగ్గర దొరుకుతుంది, యూనియన్‌కి అనుబంధంగా ఉండే పాత్రొనాతో సేవా కేంద్రం దాన్ని ఉచితంగానే తీసి ఇస్తుంది. నోటు పుస్తకం పక్కన ఆ పట్టీ పెట్టి చూస్తే ఎన్ని రోజులు మాయమయ్యాయో తేలిపోతుంది. ఇంకొకటి: 2018 జులై 1 నుంచి అక్కడ జీతం నగదుగా చేతికి ఇవ్వడం నిషేధం. కాబట్టి మేస్త్రీ చేతికి నోట్లు పంచడమే ఒక ఉల్లంఘన. బ్యాంకులో వేసి, ఏటీఎం దగ్గర నిలబడి సగం వెనక్కి తీసుకునే పద్ధతి అందుకే పుట్టింది. అలాంటి చోట జీతం పడ్డ రోజూ, డబ్బు తీసిన టైమూ చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు నెలనెలా దాచుకోవాలి. ప్రతి నెలా జీతం పడ్డ పది నిమిషాల్లో ఒకే మొత్తం బయటికి వస్తోందంటే ఆ వరుసే సాక్ష్యం.

రాజీ పత్రం దగ్గర ఒక ప్రమాదం ఉంది. మామూలుగా కార్మికుడు తన హక్కు వదులుకుంటూ సంతకం చేసినా, 6 నెలల్లోపు దాన్ని సవాలు చేసే వీలు ఇటలీ చట్టంలో ఉంది. యూనియన్ సమక్షంలో పద్ధతి ప్రకారం జరిగిన రాజీకి ఆ రక్షణ ఉండదు, అదే తుది మాట. అంటే యూనియన్ ప్రతినిధి కలం ఎంత బలమైందో అంత ప్రమాదకరమైంది. 4,000 యూరోల బాకీకి 600 ఇచ్చి పని ముగిద్దామనే యజమానులు యూనియన్ ఆఫీసునే కోరుకుంటారు. కార్మికుడి భాష తెలిసిన దుబాసీ లేకుండా, మొత్తం బాకీ ఎంతో కాగితం మీద చూపించకుండా ఏ ప్రతినిధీ అక్కడ సంతకం పెట్టకూడదు. నా దృష్టిలో దీనికి మినహాయింపు లేదు.

ప్రయాణం కూడా కూలీ సమస్యే. 2018 ఆగస్టు 4న, 6న ఫోజ్జా దగ్గర జరిగిన రెండు ప్రమాదాల్లో టమాటా కోతల నుంచి వ్యాన్లలో తిరిగొస్తున్న 16 మంది ఆఫ్రికా కూలీలు చనిపోయారు. రెండు రోజుల తర్వాత ఎర్ర టోపీలు పెట్టుకుని కూలీలు ఫోజ్జాకి నడిచి వెళ్లారు. పొలానికి బస్సు వేయమని అడగడం చిన్న డిమాండులా వినిపిస్తుంది. కానీ వ్యాన్ చేతిలో లేని మేస్త్రీకి కూలీల మీద పట్టు ఉండదు. రేటు పెంచమనడం కంటే ముందు బస్సు అడగమనేది అందుకే.

గల్ఫ్ దేశాల, లెబనాన్ పరిస్థితి పూర్తిగా వేరు. సౌదీ, ఎమిరేట్స్‌లో యూనియన్ అనేదే చట్టబద్ధం కాదు. ఖతర్‌లో అది ఆ దేశ పౌరులకే, వలసవాళ్లకి 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ఉమ్మడి కమిటీల దాకానే. బహ్రెయిన్‌లో, ఒమన్‌లో వలస కార్మికులు సంఘంలో చేరవచ్చు, కానీ ఇంటిపనివాళ్లు చేరడం కాగితం మీద కూడా కష్టమే. లెబనాన్‌లో 2015 జనవరిలో ఫెనసోల్ అనే కార్మిక సమాఖ్య అండతో ఇంటిపనివాళ్ల సంఘం పెట్టుకుంటే ప్రభుత్వం గుర్తించలేదు. అక్కడి కార్మిక చట్టం 7వ అధికరణ ఇంటిపనివాళ్లను మొత్తంగా బయట పెట్టింది. కఫీల్, అంటే వీసాకి పూచీ ఉండే యజమాని, ఇంట్లో తలుపు వెనకున్న ఇథియోపియా, కెన్యా, ఉగాండా ఆడవాళ్ల దగ్గరికి యూనియన్ మనిషి వెళ్లలేడు. అందుకే అక్కడ పని బయల్దేరకముందే జరగాలి. కెన్యాలో ఇంటిపనివాళ్ల సంఘం కుధేయా, ఇంకా ఎగరని వాళ్లను సభ్యులుగా చేర్చుకోవడం ఈ ఆలోచనతోనే.

విమానం ఎక్కకముందు సంఘం దగ్గర ఉండాల్సినవి ఇవి: పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, సంతకమైన ఒప్పందం, ఏజెన్సీ లైసెన్సు నంబరు, డబ్బు కట్టి ఉంటే రసీదు, కఫీల్ పేరు అరబ్బీలో, అతని ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఊళ్లో ఎవరికి కబురు చేయాలో ఆ నంబరు. కాపీలు మూడు చోట్ల ఉండాలి: ఇంటి దగ్గర, సంఘం దగ్గర, ఫోన్ కాకుండా ఈమెయిల్‌లో. ఫోనూ పాస్‌పోర్టూ చేరిన రోజే లాక్కోవచ్చు. ఒప్పందం ఒక్కటి చేతిలో ఉంటే చాలదు, ఎందుకంటే దిగాక అరబ్బీలో ఇంకోటి పెట్టి సంతకం చేయించి జీతం తగ్గించడం పాత మోసం. మొదటి ఒప్పందం బయట భద్రంగా ఉంటేనే రెండోదాన్ని మోసమని చూపించగలం. ఏజెన్సీ ఫీజు విషయంలో 1997 నాటి 181వ అంతర్జాతీయ ఒప్పందం స్పష్టంగా ఉంది, కార్మికుడి దగ్గర నేరుగా కానీ దొడ్డిదారిన కానీ వసూలు చేయకూడదు. వైద్య పరీక్షలు, శిక్షణ, "ప్రాసెసింగ్" అని పేరు మార్చినా అది వసూలే. ఏ ఏజెన్సీ ఎలాంటిదో అక్కడ పనిచేసి వచ్చినవాళ్లే రాసే వెబ్‌సైటు ఒకటి ఐటీయూసీ అనే అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్య 2018లో మొదలుపెట్టింది, కెన్యా ఏజెన్సీలు కూడా అందులో ఉన్నాయి. బయల్దేరే ముందు చూసుకోవడానికి అరగంట పట్టదు.

చేరిన తర్వాత మొదటి వారంలో లొకేషన్ పంపించాలి. జీతం పడని మొదటి నెలే కబురు చేయాలి. ఏడో నెలదాకా ఓపిక పట్టి, ఒకరోజు చెప్పకుండా గేటు దాటిన మనిషి మీద కఫీల్ "పారిపోయింది" అని కేసు పెడితే కథ తారుమారవుతుంది. బాకీ ఉన్నవాడు ఫిర్యాదుదారు, డబ్బు రావాల్సిన మనిషి ముద్దాయి. బయటికి రావాల్సిన పరిస్థితే వస్తే, ముందు జీతం అడుగుతూ మెసేజ్‌లు పంపి అవి ఇంటికి పంపించాలి, నేరుగా ఎంబసీకో ఫిర్యాదు కార్యాలయానికో చేరాలి. ఇంకో ఇంట్లో పనికి కుదిరితే కేసు బలహీనపడుతుంది. ప్రాణభయం ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ లేవు, ముందు బయటపడాలి.

కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్లకి వారానికో సెలవు, రోజుకి 12 గంటల హద్దు, ఏడాదికో నెల జీతం చొప్పున చివర్లో ఇచ్చే సొమ్ము రాసిపెట్టింది. ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు, తిండి, బస ఇవ్వకపోతే వాటికి 300, 500 అదనం, ఇది ఇంటిపనివాళ్లకీ వర్తిస్తుంది. అంకెలు తెలిసి ఉంటే ఫిర్యాదు "సరిగా చూడటం లేదు" అని కాకుండా "ఇన్ని నెలలకి ఇంత తక్కువ" అని ఉంటుంది. ఖతర్ కార్మిక చట్టంలో ఉద్యోగం ముగిసిన ఏడాదిలోపు దావా వేయాలి. అందరూ తడబడేది తిరుగు ప్రయాణం దగ్గర. టికెట్ చేతిలో పెట్టే ముందు "అన్ని బాకీలు ముట్టాయి" అనే అరబ్బీ కాగితం మీద సంతకం అడుగుతారు. దాన్ని ఫోటో తీయకుండా సంతకం చేయొద్దు. కేసు నడుస్తుండగా వచ్చేయాల్సి వస్తే, తన తరఫున నడిపే మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, అధికారిక ముద్ర వేయించి రావాలి. అది లేకుండా విమానం ఎక్కితే కేసు అక్కడే కొట్టుకుపోతుంది. గల్ఫ్‌లో దారి మూసుకుపోయినా, పంపిన ఏజెన్సీ నైరోబీలోనో కంపాలాలోనో ఉంటుంది. యూనియన్‌కి నిలబడే హక్కు ఉన్నది అక్కడే, దాని లైసెన్సు మీద ఫిర్యాదు అక్కడే.

వెళ్లడమే ఆపేస్తే పోలేదా అనే వాదన ప్రతిసారీ వస్తుంది. ఇథియోపియా 2013 అక్టోబరులో ఆపి, 2018లో ఎత్తేసింది. ఆ నిషేధ కాలంలో ప్రయాణాలు ఆగలేదు, ఎర్ర సముద్రం దాటి యెమెన్ మీదుగా, దళారీల చేతుల్లో సాగాయి. నిషేధంలో వెళ్లిన ఆమెకి ఒప్పందం ఉండదు, లైసెన్సున్న ఏజెన్సీ ఉండదు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. యూనియన్లు నిషేధాన్ని సమర్థించడం తప్పని నా గట్టి నమ్మకం.

యూనియన్ల లోపలి సంగతీ చెప్పుకోవాలి. జీతంలోంచి నెలనెలా చందా కోసే పద్ధతి రోజుకూలీకి పనికిరాదు. ఇటలీలో నిరుద్యోగ భృతి దరఖాస్తుతోపాటే సభ్యత్వ చందా కోతకి సంతకం తీసుకోవడం ఆనవాయితీ. ఆ 102 రోజులు రానివాడు అలా సభ్యత్వంలోంచీ జారిపోతాడు, సంఘం అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది అతనికే. ఏడాదికోసారి కోతల తర్వాత కట్టే కార్డు మేలు. కొన్ని సంఘాల నియమావళిలో పదవులు పౌరులకే అని ఉంటుంది, దాన్ని మార్చకుండా సంఘీభావం గురించి మాట్లాడటం వృథా. దక్షిణాఫ్రికాలో గని కార్మికుల సంఘం ఎన్‌యూఎం 1982లో పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు జేమ్స్ మోట్లాట్సి, లెసోతో నుంచి గనుల్లోకి వలస వచ్చిన మనిషి. అప్పుడు సాధ్యమైంది.

ఆ గనుల నుంచి ఊళ్లకి తిరిగి వెళ్లినవాళ్ల ఊపిరితిత్తుల జబ్బు పరిహారం పని ఇంకా నడుస్తోంది. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బాధితులు వేసిన సామూహిక దావాలో ఆరు బంగారు గని కంపెనీలతో కుదిరిన దాదాపు 500 కోట్ల ర్యాండ్ల ఒప్పందాన్ని జొహానెస్‌బర్గ్ హైకోర్టు 2019లో ఆమోదించింది. త్షియామిసో ట్రస్టు ఆ డబ్బు పంచుతోంది. 1965 మార్చి 12 నుంచి 2019 డిసెంబరు 10 మధ్య ఆ కంపెనీల గనుల్లో చేసినవాళ్లు అర్హులు. క్షయ అయితే గని వదిలిన ఏడాదిలోపు బయటపడి ఉండాలి. చనిపోయినవాళ్ల కుటుంబాలూ అడగవచ్చు. లెసోతో, మొజాంబిక్, మలావీ పల్లెల్లో దరఖాస్తులు ఆగిపోయేది పేరు దగ్గర. గనిలో నమోదైన పేరు ఒకటి, ఇప్పటి గుర్తింపు కార్డులో పేరు ఒకటి, స్పెల్లింగులు వేరు, పుట్టిన తేదీలు వేరు. ఇలాంటప్పుడు పేరుతో వెతకడం మానేసి, పాత పే స్లిప్పు మీదో గని కార్డు మీదో ఉండే పరిశ్రమ నంబరుతో వెతికించాలి, రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణ పత్రం జత చేయాలి. పాత ట్రంకు పెట్టెల్లో ఆ కార్డు ముక్క ఉందేమో చూడమని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఇప్పుడు అక్కడి మాజీ గని కార్మికుల సంఘాలకు మిగిలిన పని.